ఒంటి వైరు సెన్సరు

మార్చి 12

ఈ నోటు పుస్తకం ఈరోజు ఎందుకు తెరిచానంటే, ఇరవయ్యో తారీఖు లోపు నేనొక రిపోర్టు రాసి ఓనరు గారికి ఇవ్వాలి. డ్రైవింగ్ స్కూల్ బండి ఇంజను మా నాన్న వల్ల పాడైందని అందులో ఉండాలి. అది రాసే ముందు నిజంగా ఏం జరిగిందో నాకోసం ఒకచోట రాసి పెట్టుకోవాలి. మా మెకానిక్ షెడ్డులో జ్ఞాపకాలు టీకి ఒకసారి మారుతుంటాయి. పదకొండు గంటల టీకి ఉన్న నిజం నాలుగు గంటల టీకి ఉండదు.

జరిగింది ఇది. మూడో తారీఖున డ్రైవింగ్ స్కూల్ నడిపే మేడమ్ తన పాత బండి తెచ్చింది. ఆ బండి నాకంటే రెండేళ్ళు పెద్దది. పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తోందని, టెంపరేచర్ ముల్లు పావు దాటి పైకి రావట్లేదని ఆవిడ ఫిర్యాదు. రేడియేటర్ సన్నగా కారుతుంటే నాన్న దాన్ని విప్పి అతుకు వేశాడు. సెన్సర్ల పని నాది. రెండూ పరీక్షించాను. బాగున్నాయని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టాను. నిన్న, అంటే పదకొండున, కొత్తగా నేర్చుకుంటున్న ఒకాయన ఎత్తు రోడ్డు మీద మొదటి గేరులోనే బండిని ఏడిపిస్తుంటే నీళ్ళన్నీ పోయి ఇంజను ఉడికిపోయింది. దాని పైన ఉండే హెడ్డు వంకర తిరిగింది. బండిని తాడు కట్టి లాక్కొచ్చారు.

ఓనరు గారు నన్ను తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. ఏడాదిగా ఇక్కడ పనిచేస్తున్నాను, ఆ కుర్చీ నాకు చూపించడం ఇదే మొదలు. అప్పుడే అనుమానించాల్సింది.

"మీ నాన్న వేసిన అతుకు ఊడిందమ్మా. మనిషి మంచోడే, కాదనను. కళ్ళు ఆనట్లేదు. ఇరవై ఆరేళ్ళు చేశాడు, ఇక చాలు. నువ్వు మాత్రం ఉండు. వచ్చే నెల నుంచి ఎలక్ట్రికల్ పనంతా నీదే. ఒక రిపోర్టు రాసిపెట్టు, మేడమ్‌కి చూపించాలి. చదువుకున్నదానివి, నువ్వు రాస్తే పద్ధతిగా ఉంటుంది."

"నాన్న గురించి నేనా సార్?"

"కింద సంతకం ఆయనే పెడతాడులే. నువ్వు రాయడం వరకే."

మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. ఫీజుల కోసం అమ్మ ఎన్ని ఇళ్ళలో బట్టలు ఉతికిందో నాకు తెలుసు. అంత కష్టపడి తెచ్చుకున్న డిప్లొమాకు ఇన్నాళ్ళకు తగిన పని దొరికింది. నాన్నను పనిలోంచి తీసేసే కాగితం, అచ్చుతప్పులు లేకుండా, గుండ్రటి అక్షరాలతో.

మార్చి 13

రెండూ పరీక్షించాను. జాబ్ కార్డులో ఉంది. నిన్న రాసిందే మళ్ళీ ఎందుకు రాస్తున్నానో తెలియదు. చేతిరాత బాగుందని కాబోలు.

మార్చి 14

నాన్న ఆ రేడియేటర్‌ను మళ్ళీ విప్పాడు. రెండు మూతులూ రబ్బరు బిరడాలతో మూసి, నీళ్ళ తొట్లో ముంచి, గాలి కొట్టాడు. అతుకు దగ్గర కాదు కదా, ఎక్కడా ఒక్క బుడగ రాలేదు. చూసినవాళ్ళం నాన్న, నేను. అందరినీ పిలిచాం. అందరికీ ఒక్కసారిగా ఎంత పని వచ్చి పడిందో!

నేను రేడియేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే కింది గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. క్లిప్పు పక్కన, లోపలి వైపు, చిటికెన వేలంత చీలిక. నీళ్ళు పోయింది అక్కడ. మూడో తారీఖున ఆ గొట్టాన్ని నొక్కి చూసి "ఇంకో ఏడాది లాగుతుంది" అన్నది పెద్ద మేస్త్రి. ఆయన మాకు చుట్టం కాదు కానీ చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన నన్ను డిప్లొమా అని పిలుస్తాడు.

"ఏమ్మా డిప్లొమా, రిపోర్టు ఎంతదాకా వచ్చింది? మంచి మంచి మాటలు వెయ్యి. 'తత్ఫలితంగా' అని ఒకటుంటుంది చూడు, అది వెయ్యి. ఓనర్‌కి ఇష్టం."

"నీ పేరు కూడా వెయ్యనా బాబాయ్? గొట్టం ఇంకో ఏడాది లాగుతుందన్నావుగా."

"గొట్టమా? ఏ గొట్టం?"

నాలుగు గంటల టీ అయిపోయింది మరి.

ఓనరు గారికి గొట్టం సంగతి చెప్పాను. "రేడియేటరే అని మేడమ్‌కి చెప్పేశానమ్మా" అన్నారు. చెప్పేశాక గొట్టం మాత్రం చీలి ఏం ప్రయోజనం?

సెన్సర్ల సంగతి కూడా వివరంగా రాసి పెట్టుకుంటాను. ఈ బండిలో నీళ్ళ వేడిని కనిపెట్టేవి మూడున్నాయి. మా షెడ్డులో మూడింటికీ కలిపి ఒకటే పేరు: "ఆ టెంపరేచర్ ముక్క". ముల్లు పనిచేయకపోతే బండి కంప్యూటర్‌కు పోయేదాన్ని మార్చడం, బండి స్టార్టవకపోతే ముల్లుకు పోయేదాన్ని మార్చడం, ఏమీ తోచకపోతే మూడూ మార్చడం ఇక్కడి శాస్త్రం.

నేను మాత్రం ఈ రకం బండి సర్వీసు పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కోదాన్నీ గుర్తుపట్టాను. ఆ పుస్తకం నాన్న పాత పుస్తకాల అంగట్లో అట్ట మీద బండి బొమ్మ చూసి కొన్నాడు. లోపల ఏముందో ఆయనకు తెలియదు. "నీకు పనికొస్తుందేమో చూడు" అని నా డిప్లొమా మొదటి రోజున చేతిలో పెట్టాడు.

రేడియేటర్ అడుగున ఉన్నది ఫ్యాను స్విచ్చి. ఫ్యాను తిరుగుతోంది కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. పైగొట్టం మొదట్లో, రెండు వైర్ల ప్లగ్గుతో ఉన్నది కంప్యూటర్ సెన్సరు. ఇంజను చల్లగా ఉందో వేడిగా ఉందో అది చెబితేనే పెట్రోలు ఎంత పొయ్యాలో కంప్యూటర్ తేల్చుకుంటుంది. హెడ్డు వెనక మూల, చెయ్యి సరిగా దూరని చోట ఒకే ఒక్క వైరుతో ఉన్నది ముల్లుకు సంబంధించినది. డ్రైవరుకు కనిపించే వేడి అంతా దాని దయే.

రెండు వైర్లదాన్ని విప్పి, దారం కట్టి, గిన్నె అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీశాను. పక్కనే థర్మామీటరు. మల్టీమీటరు రెండు తీగలూ దాని రెండు కాళ్ళకూ. స్టవ్ వెలిగించి, ముక్కు గిన్నెలో పెట్టినంత పని చేసి చూశాను. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర 2140 ఓములు. నలభై దగ్గర 1165. అరవై దగ్గర 610. ఎనభై దగ్గర 318. వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గాలి, తగ్గింది. జబ్బు సెన్సరులో లేదు, ప్లగ్గు కాళ్ళకు పట్టిన పచ్చటి చిలుములో ఉంది. గీకి శుభ్రం చేశాను. మర్నాడు బండి ఒక్క తాళానికే స్టార్టయిందని మేడమ్ ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఒంటి వైరుది కూడా అలాగే. రెండూ పరీక్షించాను.

కాగితాలు పొదుపుగా వాడాలి. ఇక్కడికి చాలు.

మార్చి 15

మేడమ్ వచ్చింది. బస్సులో. "క్లచ్చు, క్లచ్చు, అయ్యో క్లచ్చు!" అని రోజంతా అరిచే గొంతు ఇవాళ మెల్లగా ఉంది. ఆవిడకున్నది ఆ ఒక్క బండే. దాని మీద నేర్చుకుంటున్న పదకొండు మందికి నెలాఖరున పరీక్ష. ఎవరి దగ్గరికి పంపాలో తెలియక అందరికీ ఫోన్లు చేస్తోందట.

"నిన్నేమీ అనడానికి రాలేదమ్మా. ఒక్కటి అడుగుతా. ఆ ముల్లు పావు దగ్గరే ఉంటోందనేగా మీ దగ్గరికి తెచ్చింది. నువ్వు బాగుందని రాశావు. అప్పట్నుంచి పావు చూస్తే నాకు సంతోషం, బండి చల్లగా ఉందని. మొన్న పొగలొచ్చేదాకా అది పావు మీదే ఉంది. అదెట్లా?"

"మీటరు బోర్డులో ఏమైనా పోయిందేమో మేడమ్."

"అదైనా చూడాల్సింది మీరే కదా?"

నేను మల్టీమీటరు తీగలను శ్రద్ధగా చుట్టాను. విప్పాను. మళ్ళీ చుట్టాను.

"మీ పెద్ద మేస్త్రి రాసుంటే ఇంకోచోట కూడా చూపించుకునేదాన్ని. ఆయన సంగతి నాకు తెలుసు. కింద నీ సంతకం ఉంది. ఆడపిల్ల, చదువుకున్నది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసుంటుంది అనుకున్నా. ధైర్యంగా నడిపా."

ఆవిడ తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేది! తిట్టేవాళ్ళు అవసరానికి ఒక్కరూ దొరకరు.

మార్చి 16

ఆదివారం. ఇంట్లో ఏ కాగితం వచ్చినా నాన్నకు నేను చదివి వినిపించాలి. కరెంటు బిల్లు, మందు సీసా మీద చీటీ, గుమ్మంలో పడేసిన దుకాణం ప్రకటన, ఏదైనా సరే. కళ్ళు మూసుకుని పాట విన్నట్టు వింటాడు. మూడో తారీఖు సాయంత్రం నా జాబ్ కార్డు నకలు కూడా వినిపించాను. రెండూ పరీక్షించడమైనది, రెండూ బాగున్నవి, ఇట్లు, నా పేరు. ఎప్పుడూ "మళ్ళీ చదువు" అనే మనిషి ఆరోజు "ఊ" అన్నాడు. అంతే. పని ఎక్కువై అలిసిపోయాడనుకున్నాను.

ఇవాళ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు, "రాసెయ్యమ్మా. అతుకు ఊడిందని రాయి. నేను సంతకం పెడతా."

"ఊడలేదుగా నాన్నా! తొట్లో ముంచి చూశాంగా."

"నీకూ నాకూ తెలుసు. చాలదూ?"

"చాలదు!" అంది అమ్మ వంటింట్లోంచి. "ఇరవై ఆరేళ్ళు ఆ అతుకుల పొగ మింగి, ఇప్పుడు గుడ్డోడని పేరు పెట్టించుకుని వస్తావా? ఆ పేరు నీ కూతురి చేత్తోనే రాయిస్తావా? ఏమే, నువ్వేం మాట్లాడవు? నీ చదువు దీనికేనా?"

"నేనేం చేశానమ్మా?" అన్నాను.

నాన్న గబగబా చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నా మొహం వైపు చూడలేదు. గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడని చెప్పేలోగానే.

మార్చి 17

జాబ్ కార్డు తీసి చూశాను.

రెండు వైర్ల సెన్సరు: 2140, 1165, 610, 318.

ఒంటి వైరుది: అరవై దగ్గర 125, తొంభై దగ్గర 50.

సర్వీసు పుస్తకం తెరిచాను. ఒంటి వైరుది: అరవై దగ్గర 125, తొంభై దగ్గర 50.

ఎంత ఆరోగ్యమైన సెన్సరు! ఇరవై నాలుగేళ్ళు నీళ్ళలో నాని, వేడిలో ఉడికి, ఒక్క ఓము కూడా అటూ ఇటూ కాలేదు. దండ వేసి ఊరేగించాలి.

సరే. ఇక్కడ చదివేది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను.

ఆరోజు పానా చేతిలోకి తీసుకున్నాను. సెన్సరు తుప్పు పట్టి ఉంది. బలంగా తిప్పితే విరిగి సగం ముక్క హెడ్డులోనే ఉండిపోతుందేమోనని భయం. బాబాయ్ అవతలి బండి మీంచి తొంగి చూస్తున్నాడు, విరగ్గానే నవ్వడానికి నోరు సిద్ధం చేసుకుని. ఓనరు గారు "అయిందా?" అని అప్పటికి మూడుసార్లు అడిగారు. నాన్నను పిలిస్తే నిమిషంలో విప్పి పెట్టేవాడు. పిలిస్తే, చూశారా, ఆడపిల్లకు చేతకాదు, నాన్న కావాలి అంటారు. స్టవ్ మీద నీళ్ళు చల్లారుతున్నాయి. పుస్తకం పక్కనే తెరిచి ఉంది. బడిలో పన్నెండేళ్ళు, కాలేజీలో మూడేళ్ళు నేను చేసింది పుస్తకంలో ఉన్నది కాగితం మీద రాయడమే. అలవాటైన పని, చెయ్యి వణకలేదు.

పానా పెట్టలేదు. పెట్టి విరిగి ఉంటే ఎంత బాగుండేది!

"రెండూ పరీక్షించాను" అని ఈ నోటు పుస్తకంలో మూడుసార్లు రాశాను. పుస్తకం నాది, రాసేది నేను, చదివేది నేను. నన్ను నేను నమ్మించుకోవడానికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అప్పటికీ నమ్మలేదు. కొంచెం తెలివి మిగిలే ఉందన్నమాట.

గొట్టం ముసలిది, ఎప్పుడో ఒకప్పుడు చీలేదే. చీలినప్పుడు ముల్లు లేచి ఉంటే మేడమ్ బండి ఆపేది. గొట్టం మార్చుకుని, నీళ్ళు పోసుకుని, ఆ నేర్చుకునే ఆయన్ని మళ్ళీ క్లచ్చు క్లచ్చు అని తిట్టుకునేది. ముల్లు ఉన్నది అందుకే.

మార్చి 18

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళాక బండి దగ్గరికి వెళ్ళాను. ఒంటి వైరు ఊడదీసి, తాళం తిప్పి, ఆ వైరు కొసను ఇంజను ఒంటికి తాకించాను. లోపల ముల్లు చివరిదాకా ఎగిరి కూర్చుంది. అంటే మీటరు బాగుంది, వైరు బాగుంది. పాపం మీటరు బోర్డు మీద నేను వేసిన నింద కూడా పోయింది. ఈ పరీక్షకు పట్టేది అర నిమిషం. మూడో తారీఖున నా దగ్గర అర నిమిషం లేదు.

పానా తీసుకుని వంగాను. వెనక నుంచి ఒక చెయ్యి కిరసనాయిలు డబ్బా అందించింది. నాన్న.

సెన్సరు మొదట్లో నాలుగు చుక్కలు పోసి, చిన్న సుత్తితో చుట్టూ తట్టి, కాసేపాగి, "ఇప్పుడు తిప్పు. నువ్వే" అన్నాడు.

రెండు తిప్పులకు వచ్చేసింది. విరగలేదు. దాని కోసమా ఇదంతా!

గిన్నె, నీళ్ళు, థర్మామీటరు. మల్టీమీటరు తీగ ఒకటి సెన్సరు కాలుకి, రెండోది దాని ఒంటికి. చన్నీళ్ళలో 190. అరవై దగ్గర 186. నీళ్ళు తెర్లుతుంటే 181. చుట్టూ బుడబుడలాడుతున్నా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. ముల్లును పావు మీద నిలబెట్టింది ఇదే.

అంకెలు రాసుకున్నాను. ఈసారి పక్కన పుస్తకం తెరిచి లేదు.

"నీకు ముందే తెలుసు కదా నాన్నా" అన్నాను.

"ఏది?"

"నేను విప్పలేదని."

ఆయన సెన్సరును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. "పానా పడ్డ నట్టుకు అంచులు మెరుస్తాయమ్మా. ఆరోజు రేడియేటర్ బిగిస్తుంటే దీని మీద కన్ను పడింది. మట్టి కూడా రాలలేదు."

"మరి అప్పుడే అడగొచ్చుగా! చెంప మీద ఒకటి కొట్టొచ్చుగా!"

"అడుగుదామనే ఇంటికొచ్చా. నువ్వు కాగితం చదివావు. రెండూ చూశానని రాసుంది, అంకెలు కూడా ఉన్నాయి. విప్పకుండానే చూసే పద్ధతేదో వచ్చిందేమో, కాలేజీలో నేర్పుంటారు, నాకేం తెలుసు అనుకున్నా."

నేను స్టవ్ కట్టేశాను. ఇంకా కట్టేయాల్సినవి ఏమున్నాయా అని చుట్టూ చూశాను.

"పదకొండున బండి లాక్కొచ్చాక అర్థమైంది" అన్నాడు. "అందుకే అతుకని రాసెయ్యమన్నా. నాదేముంది, ఇంకో నాలుగేళ్ళు. నీది ఇప్పుడేగా మొదలు."

"ఇట్లాగా మొదలయ్యేది?"

నాన్న సెన్సరు నా చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగానే ఉంది, కాలింది. మీటరుకు చెప్పలేకపోయింది గానీ, వేడి దాని ఒంట్లో లేకపోలేదు.

"ఆ అంకెలు చదువు" అన్నాడు. "ఇవాళ్టివి."

చదివాను. నూట తొంభై, నూట ఎనభై ఆరు, నూట ఎనభై ఒకటి.

"మళ్ళీ చదువు" అన్నాడు.

మార్చి 19

తెల్లారి లేచి రాసేశాను. ఇచ్చీ ఇవ్వకముందే నాలుగు గంటల టీ వచ్చేస్తుందేమోనని, నకలు ఇక్కడ ఎక్కిస్తున్నాను. అమ్మకు చదివి వినిపిస్తే, "మీ నాన్న పనికి ఢోకా లేదుగా?" అంది. తెలియదన్నాను. "నీ పనికి?" అంది. నవ్వాను. బాబాయ్ సలహాను కూడా గౌరవించాను.

ఓనరు గారికి,

మీరు అడిగిన రిపోర్టు ఇది. మీరు అడిగినట్టు లేదు.

మూడో తారీఖున డ్రైవింగ్ స్కూల్ బండిలో రెండు వైర్ల సెన్సరును మాత్రమే నేను పరీక్షించాను. ఒంటి వైరు సెన్సరును విప్పలేదు. దాని అంకెలు సర్వీసు పుస్తకంలోంచి ఎక్కించి, బాగుందని రాసి, సంతకం పెట్టాను. నిన్న దాన్ని విప్పి వేడి నీళ్ళలో చూశాను. అది చెడిపోయింది. తత్ఫలితంగా ముల్లు పావు మీదే నిలిచిపోయి, ఇంజను ఉడుకుతున్నట్టు మేడమ్ గారికి తెలియలేదు. నీళ్ళు పోయింది కింది గొట్టం చీలికలోంచి. ఆ గొట్టం ఇంకో ఏడాది లాగుతుందన్నది పెద్ద మేస్త్రి గారు. రేడియేటర్ అతుకు గట్టిగా ఉంది. ఎవరు వచ్చినా తొట్లో ముంచి చూపిస్తాం. సెన్సరు, గొట్టం నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

మా నాన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. తప్పు సంతకం నాది, కాబట్టి పోవాల్సిన పని కూడా నాదే. ఆ హెడ్డు విప్పి సరిచేసే పనిలో నన్ను ఉండనిస్తే జీతం లేకుండా చేస్తాను. నెలాఖరులోపు బండి కదలకపోతే పదకొండు మంది పరీక్ష పోతుంది. ఈ కాగితం ఇంకో ప్రతి ఇవాళే మేడమ్ గారికి ఇస్తున్నాను.

నాన్నను ఉంచుతున్నారో లేదో, నన్ను ఆ పనికి రానిస్తారో లేదో కాగితం మీద తెలపండి. నోటిమాట వద్దు. ఆయనకు నేనే చదివి వినిపించాలి. కాగితంలో ఉన్నదంతా నిజమని నమ్మే మనిషి. అందుకని నిజమే రాసి, ఇరవై అయిదో తారీఖు లోపు జవాబు ఇప్పించండి.